పాత టీవీ ట్యూన్లు, ఒక ఇత్తడి పుల్లీ: ఎనిమిది నెలల లెక్క

కిందటి మే నెలలో పాత టీవీ ట్యూన్ల గ్రామఫోను రికార్డులు వెతకడం మొదలుపెట్టాను. ఇప్పటికి చేరినవి పదకొండు రికార్డులు. ఇవి కాక రెండుసార్లు చేయించిన పుల్లీ ఒకటి, మా ఆవిడ దగ్గర పోగొట్టుకున్న పరువు కొంత.

నేను వెతికేది సినిమా పాటలు కాదు. టీవీలో సీరియల్ మొదలయ్యేటప్పుడు పేర్లు పడుతుంటే వచ్చే సంగీతం. అది కూడా రికార్డు మీదే కావాలి. పాలకొల్లులో మా వీధి మొత్తానికి ఒక్క టీవీ ఉండే రోజుల్లో డాబా మీద ఒకడు యాంటెన్నా తిప్పేవాడు, కింద నుంచి మేం "ఇంకొంచెం... ఆఁ, ఆపు, పోయింది" అని అరిచేవాళ్ళం. బొమ్మ సరిగ్గా కుదిరేలోపు పేర్లు అయిపోయేవి. అందుకేనేమో, కథల కంటే ఆ ట్యూన్లే బుర్రలో ఉండిపోయాయి.

దీంట్లో చిక్కేమిటంటే, మా వైపు ఇళ్ళల్లోకి టీవీ వచ్చేసరికి రికార్డుల కాలం అయిపోవచ్చింది. రామాయణం 1987 జనవరి 25న మొదలైంది. అప్పటికే ఏ కొట్లో చూసినా క్యాసెట్లే. 1988లో వచ్చిన మీర్జా గాలిబ్ సీరియల్ గజళ్ళు జగ్జీత్ సింగ్ గొంతుతో హెచ్‌ఎంవీ వాళ్ళ రెండు ఎల్పీల (పెద్ద రికార్డుల) సెట్టుగా దొరుకుతాయి, అది కొన్నాను. మాల్గుడి డేస్‌కి ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ "తాననా"ను మాత్రం ఇంతవరకు క్యాసెట్లోనే చూశాను. కాబట్టి నా పెట్టె నిండా ఎక్కువగా విదేశీ సీరియళ్ళే. పేరుకు గోదారి జిల్లా కలెక్షన్, లోపల అంతా హాలీవుడ్డు.

మే, జూన్. హైదరాబాదు కోఠీకో, చెన్నైకో వెళ్ళే ముందు మన చుట్టుపక్కలే వెతకాలనిపించింది. రికార్డులు ఎక్కువగా వాడినవాళ్ళు ఎవరు? మైక్ సెట్ల వాళ్ళు. నరసాపురం వైపు ఒక సప్లయి కొట్టు పెద్దాయన అటక మీద నుంచి రేకు ట్రంకు పెట్టె దింపించాడు. 1996 నవంబరు తుపానుకి పైకప్పు లేచిపోయి పెట్టెంతా తడిసిందట. అట్టలు ఒకదానికొకటి అంటుకుని అప్పడాల కట్టలా ఉన్నాయి. అట్టలు పోయినా రికార్డులు పోలేదు. వినైల్‌కి, అంటే రికార్డు చేసే ప్లాస్టిక్‌కి, నీళ్ళంటే లెక్క లేదు, దానికి శత్రువులు ఎండా, బరువూనే.

మూడొంతులు సినిమా ఈపీలు (చిన్న రికార్డులు), తక్కినవి భజనలు. వాటి మధ్య వెంచర్స్ ఎల్పీ ఒకటి కనిపించింది, అందులో హవాయి ఫైవ్-ఓ అనే అమెరికా పోలీసు సీరియల్ ట్యూను ఉంది. మోర్టన్ స్టీవెన్స్ కట్టిన ఆ ట్యూనును 1969లో ఈ గిటార్ బృందం వాయించి అమెరికా హిట్ల పట్టికలో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళింది. ఇది మీ దగ్గర ఎందుకుందండీ అని అడిగితే పెద్దాయన నవ్వాడు.

"రికార్డింగ్ డ్యాన్సులకి బాబూ. అమ్మాయి స్టేజీ ఎక్కేముందు ఇదేస్తే జనం లేచి నిలబడేవోరు, ఆయ్."

నూట యాభైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుని చూస్తే గాడులు నల్లగా మెరవాల్సింది పోయి బూడిద రంగులో ఉన్నాయి. బరువైన పాత సూదితో వందలసార్లు వేశారన్నమాట. గట్టిగా వాయించే చోట శబ్దం చిట్లుతుంది. ఎంత కడిగినా అది పోదు. మైక్ సెట్ల సరుకు కొనేవాళ్ళు గీతల కంటే ముందు ఈ బూడిద రంగు చూసుకోవాలి. గీత పడితే టిక్కుమంటుంది, అంతే. గాడి అరిగితే సంగీతమే పోయినట్టు.

కడగడానికి నా పద్ధతి: బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్ళు, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. లేబుల్ తడవకుండా రెండు పక్కలా ఐస్‌క్రీమ్ డబ్బా మూతలు అదిమి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తుడిచి, ఇంకోసారి ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టాలి. మా ఆవిడ దగ్గర పరువు పోయింది ఇక్కడే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకి మాత్రం ఈ ఆల్కహాల్ తగలనివ్వకండి, అవి లక్కవి, కరిగిపోతాయి.

జులై. అమెరికా నుంచి బావగారు రికార్డులు వేసే పాత టర్న్‌టేబుల్ తెచ్చిపెట్టారు. అక్కడి 120 వోల్టులది కాబట్టి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలించాను. అంతకు వారం ముందే లె పార్క్ ఎల్పీ వచ్చింది, టాంజరిన్ డ్రీమ్ అనే జర్మన్ బృందం 1985లో విడుదల చేసింది. అందులో పాటలన్నిటికీ పార్కుల పేర్లూ, చూడదగ్గ చోట్ల పేర్లూ పెట్టారు. ఒకదాని పేరు పక్కన మాత్రం స్ట్రీట్‌హాక్ అని ఉంటుంది. అదే, నల్ల మోటారు సైకిల్ సీరియల్. దాన్ని తీసింది పదమూడు ఎపిసోడ్లే. దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మా వీధిలో సైకిళ్ళన్నీ స్ట్రీట్ హాక్‌లే.

సూది పెట్టాను. ట్యూను వచ్చింది గానీ, భోజనం చేసి నడుం వాల్చినట్టుగా వచ్చింది. ముప్పై అయిదేళ్ళ నాటి జ్ఞాపకం కదా, అప్పట్లో మనకే వేగంగా అనిపించిందేమో అని సరిపెట్టుకున్నాను. కీబోర్డు నేర్చుకుంటున్న మా అమ్మాయి పక్కనే ఫోనులో అదే ట్యూను పెట్టి, "నాన్నా, నీ రికార్డు మూడు మెట్లు కిందుంది" అంది.

తప్పు నాదే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఈ సింక్రనస్ మోటారు తిరిగే వేగం ఆ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్ళెం 27.8 దగ్గర ఆగిపోయింది. 45 కాస్తా 37.5 అయింది. అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెప్పించుకునేవాళ్ళు ముందు మోటారు మీద ఏం రాసుందో చదువుకోండి. డీసీ మోటారైతే ఈ గొడవే లేదు.

ఆగస్టు. మోటారు వేగం మారనప్పుడు పుల్లీని, అంటే మోటారు మీద ఉండి బెల్టుతో పళ్ళేన్ని తిప్పే చిన్న చక్రాన్ని, పెద్దది చెయ్యాలి. భీమవరం రోడ్డులో రొయ్యల చెరువుల ఏరియేటర్ షాఫ్టులు చేసే లేత్ కొట్టుకి వెళ్ళాను. పాత పుల్లీలో 33 వేగానికి బెల్టు కూర్చునే మెట్టు వ్యాసం 9 మిల్లీమీటర్లు ఉంది. యాభైకి అరవై కాబట్టి 1.2తో గుణించి 10.8కి ఇత్తడి పుల్లీ చేయించాను. ఆ కుర్రాడు చేతిలో ఎగరేసి పట్టుకుని, "ఏటి అన్నయ్యగారూ, రొయ్యపిల్లకి చేయిస్తున్నారా?" అన్నాడు.

ఇంటికి తెచ్చి పళ్ళెం మీద స్ట్రోబ్ కాగితం, అంటే వేగం చూసే గీతల బిళ్ళ, పెట్టి చూశాను. 50 హెర్ట్జ్‌కి 33⅓ చుట్ల వేగం తేల్చాలంటే అంచు చుట్టూ 180 గీతలుండాలి. గది చీకటి చేసి పాత స్విచ్‌బోర్డు ఎర్ర ఇండికేటర్ దగ్గర పెట్టి చూడాలి, అందులో ఉండేది నియాన్ కాబట్టి సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంది. వేగం సరిగ్గా ఉంటే గీతలు కదలకుండా నిలబడతాయి. నావి మెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఇంకా ఒకటిన్నర శాతం దాకా తక్కువ.

రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి బెల్టు మందం సంగతి తట్టింది. బెల్టు పుల్లీ మీద కూర్చున్నప్పుడు అసలు వ్యాసం బెల్టు మధ్య దాకా లెక్కకొస్తుంది. నా బెల్టు 0.8 మిల్లీమీటర్లు. కాబట్టి 9కి 0.8 కలిపితే 9.8, దాన్ని 1.2తో గుణిస్తే 11.76, అందులోంచి మళ్ళీ 0.8 తీసేస్తే 10.96. ఇదే లెక్కన 45 మెట్టు 12.4 నుంచి 15.04కి పెరుగుతుంది. ఇంకో మాట, షాఫ్టు బోరూ బయటి టర్నింగూ ఒకే బిగింపులో అయిపోవాలి. తీసి మళ్ళీ బిగిస్తే వెంట్రుకవాసి పక్కకి పోయి, ప్రతి స్వరం పడవ మీద పాడినట్టు ఊగుతుంది. మెట్టు నడుమ రవ్వంత ఉబ్బు ఉంచమని కూడా చెప్పాను, బెల్టు జారి పైకెక్కకుండా.

రెండో పుల్లీ 10.95 వచ్చింది. గీతలు నిలబడ్డాయి. రెండు పుల్లీలకీ కలిపి ఆరు వందలు, ఒక టీ. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే మాత్రం మోటారు తుమ్మెదలా గీపెడుతుంది, అప్పుడు ఆపేస్తాను.

నవంబరు. వానలు వెలిశాక అయిదు ఎల్పీల మీద తెల్లటి బూజు చుక్కలు కనిపించాయి. మన డెల్టా గాలిలో ఇది తప్పదు. పాత పీవీసీ కవర్లన్నీ తీసేశాను, అవి వేడికి చెమర్చి రికార్డు మీద పొగలాంటి మరక వదులుతున్నాయి. వాటి బదులు పాలిథీన్ లోకవర్లు వేశాను. గోడకి జానెడు దూరంగా చెక్క పెట్టెలో, నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. కలరా ఉండలు మాత్రం వేయను, ప్లాస్టిక్‌కి అవి పడవు.

డిసెంబరు. చెన్నై నుంచి లాలో షిఫ్రిన్ కట్టిన మిషన్ ఇంపాజిబుల్ సీరియల్ ట్యూను వచ్చింది, డాట్ లేబుల్ మీది చిన్న 45 చుట్ల రికార్డు. అమెరికా 45లకి మధ్యలో పెద్ద కన్నం ఉంటుంది, 38 మిల్లీమీటర్లు. మళ్ళీ అదే లేత్ కొట్టు, ఈసారి ఆ కన్నంలో పెట్టడానికి నైలాన్ బిళ్ళ. పక్కింటి మృదంగం మాస్టారికి వినిపిస్తే కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ, "తకిట తకిట తక తక. పది అక్షరాలయ్యా, మన ఖండమే" అన్నారు. సినిమాల్లో, ఫోన్లలో ఇన్నేళ్ళుగా వింటున్నాను గానీ, అయిదు దెబ్బల లెక్క అని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆయన మూడుసార్లు వేయించుకుని విన్నారు. నాలుగోసారికి మృదంగం తెచ్చుకున్నారు.

పీటర్ గన్ సీరియల్‌కి హెన్రీ మాన్సినీ కట్టిన సంగీతం ఎల్పీ హైదరాబాదులో దొరికింది. అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీల్లో మొట్టమొదటిసారి ఉత్తమ ఆల్బమ్ బహుమతి దానిదే. అట్ట బాగుంది, రికార్డు వంగింది. రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా ఎత్తాను. మూడు వారాలైంది. రోజూ తీసి చూడొద్దని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మొన్న ఆదివారం నరసాపురం పెద్దాయన ఫోన్ చేశాడు. ఇంకో ట్రంకు దొరికిందట, తాళం చెవి మాత్రం లేదట. రంపం తెచ్చుకోమన్నాడు.