మనతోపాటు ప్రయాణించిన సాలీళ్ళు

ఆదివారం రాత్రి, విశాఖపట్నం

దసరా దగ్గర పడుతుండటంతో ఈ రోజు ఇల్లంతా బూజు దులిపే పని పెట్టుకున్నాము. స్టోర్ రూములో పాత దినపత్రికల కట్ట కదిపేసరికి, దాని వెనక నుంచి అరచేతి వెడల్పున్న గోధుమరంగు సాలీడు ఒకటి బయటికి వచ్చి, కాళ్ళు పక్కలకు చాచి గోడకు అతుక్కుపోయింది. అత్తయ్య చీపురు అందుకున్నారు.

“కొట్టకండి అత్తయ్యా, రాత్రిపూట బొద్దింకల పని పట్టేది ఇదే.”

“పిల్లలు తిరిగే ఇల్లు కదమ్మా, కరిస్తేనో?”

చేత్తో పట్టుకుంటే తప్ప అది కరవదనీ, కరిచినా నొప్పే గాని ప్రాణభయం లేదనీ చెప్పాక చీపురు దించారు గాని, గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కళ్ళ కింద అడ్డంగా మీగడరంగు పట్టీ ఉంది. శరీరం అడుగున రూపాయి బిళ్ళంత తెల్లని గుడ్ల సంచిని పట్టుకొని ఉంది కాబట్టి అది ఆడదే. పిల్లలు వెలువడేవరకు తల్లి ఆ సంచిని వెంటే మోస్తుంది. ఈ జాతి సాలీడు వేట కోసం గూడు అల్లదు. పగలంతా సందుల్లో ఒదిగి ఉండి చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. అంత పెద్ద ప్రాణి కాగితాల కట్ట వెనక ఇమడటానికి కారణమైన పలచని శరీరమే, దాన్ని సముద్రాలు కూడా దాటించింది.

స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1767లో వర్ణించిన ఈ జాతి పేరు హెటెరోపోడా వెనటోరియా. దీని పుట్టిల్లు ఆసియాలోని ఉష్ణప్రాంతాలని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. నేడు కరీబియన్ దీవుల్లోనూ, హవాయిలోనూ, ఫ్లోరిడాలోనూ ఇదే సాలీడు ఇళ్ళ గోడల మీద కనిపిస్తుంది. ఓడల్లో సరుకుల సందున, ముఖ్యంగా అరటి గెలల్లో దాక్కుని చల్లని దేశాల రేవులకూ చేరింది గాని, అక్కడి చలికాలాన్ని ఆరుబయట తట్టుకోలేక వెచ్చని గ్రీన్‌హౌసుల వంటి చోట్లకే పరిమితమైంది. సాలీడు పిల్లలు దారం వదిలి గాలిలో ఎగరడం నిజమే. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ అర్జెంటీనా తీరానికి ఎంతో దూరంలో ఉండగా, వేలాది చిన్న సాలీళ్ళు దాని తాళ్ళ మీద వాలాయి. అయినా ఇళ్ళను నమ్ముకున్న సాలీళ్ళు ఇంత దూరం పాకడానికి గాలికన్నా మన సామానే ఎక్కువ తోడ్పడింది. రేవు పట్నంలో పుట్టి పెరిగినందువల్లనేమో, ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఎంతో ఇష్టంగా ఉంటుంది.

వంటింటి మూల దులపబోతే పొడుగు కాళ్ళ సాలీడు ఒకటి గూటిలోనే గిరగిర ఊగిపోయింది. పొట్ట వెనక భాగం కోణాలు తేలి ఉంది గనుక అది ఇంగ్లండు సాలీళ్ళ శాస్త్రవేత్త బ్లాక్‌వాల్ 1867లో మన దేశం నుంచి వర్ణించిన క్రాసోప్రైజా లయోనీ అనే జాతే. గుడ్ల ముద్దను నోటితో పట్టుకొని ఉండటం స్పష్టంగా కనిపించింది. ఇది దోమలను తింటుంది. మన వైపు దోమల కాలంలో ఇంతకన్నా దానికి వేరే సిఫారసు అక్కర్లేదు. ఇప్పుడిది అమెరికా ఖండాల ఇళ్ళలోనూ స్థిరపడింది. ఆ మూల దులపవద్దని అందరికీ చెప్పాను.

సాయంత్రం ఇంగ్లండులోని లీడ్స్ నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెబితే, “అక్కా, మా బాత్రూమ్ పైకప్పు మూల అలాంటిదే ఉంది” అంటూ ఫొటో పంపాడు. అందులో ఉన్నది దాని బంధువు, ఫాల్కస్ అనే పొడుగు కాళ్ళ సాలీడు. పొట్ట కోణాలు లేకుండా కోలగా, నున్నగా ఉంది. దీని గురించి నాకు తెలిసిన గొప్ప విషయం వాడికి చెప్పాను. గత శతాబ్దంలో బ్రిస్టో అనే సాలీళ్ళ శాస్త్రవేత్త మోటారు సైకిలు మీద దక్షిణ ఇంగ్లండు తిరుగుతూ, బస చేసే హోటళ్ళ పైకప్పులు పరిశీలించి ఫాల్కస్ ఎక్కడెక్కడ ఉందో నమోదు చేశాడు. ఏడాది సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటే దక్షిణపు ప్రాంతాల్లోనే అది ఉంటుందని తేల్చాడు. లీడ్స్ అక్కడికి చాలా ఉత్తరాన ఉంది. గదిగదికీ రేడియేటర్లు పెట్టి ఇల్లంతా వెచ్చగా ఉంచే సెంట్రల్ హీటింగ్ ఇంటింటికీ వచ్చాక ఆ హద్దు చెరిగిపోయి, ఉత్తరాదిలోనూ ఈ సాలీడు మామూలైపోయింది. వాడి బాత్రూములో అది చలికాలం గడపగలుగుతున్నది రేడియేటరు వేడివల్లనే.