యోబు అడిగిన ప్రశ్న

ఈ రోజు సెలవు. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. బైబిల్ తెరిచి యోబు గ్రంథం 14వ అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. ఏ తప్పూ చేయకుండానే ఆస్తినీ, పదిమంది పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషి యోబు. ఆ అధ్యాయం దాటి ముందుకు పోలేకపోయాను.

చెట్టును నరికేసినా దానికి ఆశ ఉంటుందట. వేరు నేలలో పాతబడిపోయినా, నీటి వాసన తగిలితే చాలు మళ్ళీ చిగురు వేస్తుందట. మనిషికి ఆ భాగ్యం లేదు, ఒకసారి పడుకుంటే ఆకాశం గతించిపోయేదాకా లేవడు అంటాడు యోబు. అంత ఖాయంగా చెప్పినవాడు, రెండు వచనాలు తిరిగేసరికి "మరణమైన తరువాత నరులు బ్రదుకుదురా?" అని అడుగుతాడు. లేవరని తనే చెప్పాడు, మళ్ళీ తనే అడుగుతున్నాడు. దేవుడు తనను పాతాళంలో దాచిపెట్టి, కోపం చల్లారాక ఒక గడువు పెట్టి జ్ఞాపకం చేసుకుంటే ఎంత బాగుండునో అని కూడా అంటాడు. ఏ ఆధారమూ లేకుండా, కేవలం మనసు ఊరుకోక వచ్చిన కోరిక అది. నాకు ఆ వచనాలంటే ప్రాణం.

ఆ తర్వాత ఇంటి పనులు, ఉతకాల్సిన బట్టలు, కట్టాల్సిన బిల్లులు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాకు చెల్లెలి లాంటి అమ్మాయి. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు.

"అక్కా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారని నేను నమ్ముతున్నాను. కానీ ఆ మాట చెప్పి అందరూ నన్ను ఏడవొద్దంటుంటే ఊపిరి ఆడట్లేదు. ఏడిస్తే నాకు విశ్వాసం లేనట్టేనా?"

లేదమ్మా, కాదమ్మా అని ఏవో నాలుగు మాటలు చెప్పాను. ఆదరణకు వచ్చిన ఒకరు, మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో అన్నారట. అది చెబుతున్నప్పుడు తన గొంతు వణికింది. విన్నప్పటి నుంచి నాకు కోపం తగ్గలేదు.

యోబు స్నేహితులు చేసింది ఇదే కదా. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడుచేశారు: నువ్వేదో చేసుంటావు, అందుకే ఈ శిక్ష. చివరికి దేవుడు కోపపడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న వీళ్ళ మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా ఆ ముగ్గురి మాటలే మన ఆదరణ కూడికల్లో ఇంకా వినిపిస్తుంటే ఏం చెప్పాలి? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ అపరాధులా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం అని శిష్యులు అడిగినప్పుడూ వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు.

సాయంత్రమంతా అవే పేజీలు తిరగేస్తూ కూర్చున్నాను. పాత నిబంధనలో మరణం గురించి చాలా చోట్ల ఉన్నది ఓదార్పు కాదు. అబ్రాహాము నిండు వయసులో చనిపోయి తన పితరుల దగ్గరికి చేర్చబడ్డాడని ఉంది, పరలోకం ప్రస్తావన లేదు. పాతాళంలో నిన్ను స్తుతించేదెవరు అని 6వ కీర్తన దేవుణ్ణే అడుగుతుంది. చచ్చినవాళ్ళకు ఏమీ తెలియదు అంటుంది ప్రసంగి గ్రంథం. ఇక 88వ కీర్తన. మిగతా విలాప కీర్తనలు దాదాపుగా ఎక్కడో ఒకచోట స్తోత్రం వైపు మళ్ళుతాయి. ఇది మళ్ళదు. నా వాళ్ళందరినీ నాకు దూరం చేశావు అంటూ చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక హల్లెలూయా అతికించలేదు. అది కూడా ప్రార్థనే అని ఉంచారు.

మరి పునరుత్థానం మాట ఎప్పుడు గట్టిపడింది? మంటిలో నిద్రించేవాళ్ళు మేలుకుంటారని దానియేలు 12వ అధ్యాయంలో ఉంది. ఆ భాగం క్రీ.పూ. 2వ శతాబ్దంలో, అంతియొకసు రాజు యూదుల్ని హింసించిన కాలానికి చెందినదని చాలామంది పండితుల అభిప్రాయం. కతోలికుల బైబిల్లో ఉన్న మక్కబీయుల రెండవ గ్రంథంలో ఏడుగురు అన్నదమ్ములు తల్లి కళ్ళముందే చనిపోతారు, దేవుడు మమ్మల్ని మళ్ళీ లేపుతాడు అంటూ. మోషే ధర్మశాస్త్రం పాటిస్తే దీర్ఘాయువు అని నేర్చుకున్నవాళ్ళు, ధర్మశాస్త్రం పాటించినందుకే చిన్న వయసులో చంపబడ్డారు. దేవుడు న్యాయవంతుడైతే కథ సమాధి దగ్గర ఆగిపోకూడదు. ఈ నిరీక్షణ అలాంటి నెత్తుటి రోజుల్లో బలపడింది. అందుకే దాన్ని ఏడుపు ఆపించడానికి వాడుకుంటే నా మనసు ఒప్పుకోదు. ఏడ్చినవాళ్ళు, దేవుణ్ణి ప్రశ్నించినవాళ్ళు మనకు ఇచ్చి వెళ్ళిన నిరీక్షణ ఇది.

బేతనియ ఊళ్ళో, సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు, మార్త యేసుతో సిద్ధాంతం తప్పు లేకుండా చెప్పింది: అంత్యదినాన నా సహోదరుడు లేస్తాడని తెలుసు. పునరుత్థానమూ జీవమూ నేనే అన్నాడు ప్రభువు. లాజరును నిద్ర లేపడానికే వెళ్తున్నానని దారిలోనే శిష్యులతో చెప్పాడు. కొద్దిసేపట్లో సమాధి ముందు పిలవబోతున్నాడు. అయినా మార్త సహోదరి మరియ ఏడుస్తుంటే "యేసు కన్నీళ్లు విడిచెను". ఆయనకంటే ఎక్కువ విశ్వాసం ఎవరికుంది, ఏడవొద్దని చెప్పడానికి?

నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దు అని థెస్సలొనీకయులకు రాసిన పౌలును చాలామంది ఉదాహరిస్తారు. అసలు దుఃఖపడొద్దని ఆయన అనలేదు. తనతో కలిసి పనిచేసిన ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్ళి బతికినప్పుడు, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడు అని ఫిలిప్పీయులకు రాసింది కూడా ఆ పౌలే. వెళ్ళిపోయి క్రీస్తుతో ఉండటమే మేలు అని రాసిన ఉత్తరంలోనే ఆ మాటా ఉంది.

ఇవన్నీ రాత్రి ఫోన్ చేసి ఆ అమ్మాయికి చెప్పాను. పౌలు మాట రెండుసార్లు చదివించుకుంది. రేపు ఇద్దరం కలిసి 88వ కీర్తన చదువుకుందాం అనుకున్నాం.

నాకు మాత్రం యోబు గ్రంథం ముగింపు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడదు. సుడిగాలిలోనుంచి దేవుడు కొండమేకల ఈత గురించి, మొసలి గురించి మాట్లాడతాడు గాని, ఇదంతా ఎందుకు జరిగిందో యోబుకు ఒక్క ముక్క చెప్పడు. దేవుడు స్వయంగా వచ్చాడు, అదే చాలు అని నాకు అనిపించే రోజులున్నాయి, అనిపించని రోజులూ ఉన్నాయి. తర్వాత గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి, ఒంటెలు 3,000 నుంచి 6,000. పిల్లలు మాత్రం మళ్ళీ పదిమందే. మొదటి పదిమంది దేవుని దగ్గరే ఉన్నారు కాబట్టి లెక్క రెట్టింపు అయినట్టే అని ప్రసంగాల్లో చెబుతుంటారు. అంత సులువుగా లెక్క తేల్చడం నాకు ఇష్టం లేదు. తర్వాత పుట్టిన ముగ్గురు కూతుళ్ళకు పేర్లున్నాయి, యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. పోయిన పదిమందిలో ఒక్కరి పేరూ రాసి లేదు.

హెబ్రీ భాషలోని యోబు గ్రంథం అతను వృద్ధుడై చనిపోయాడని చెప్పి ముగుస్తుంది. ప్రాచీన గ్రీకు అనువాదం సెప్టువజింతులో మాత్రం అక్కడ ఒక వాక్యం ఎక్కువ ఉంది: ప్రభువు లేపేవారితో పాటు అతడూ మళ్ళీ లేస్తాడని రాయబడి ఉంది, అని. 14వ అధ్యాయంలో అతను అడిగిన దాన్ని ఎవరో మరిచిపోలేదు, జవాబు రాయకుండా పుస్తకం మూయలేకపోయారు. ఆ లేచేవాళ్ళలో పేర్లు లేని ఆ పదిమందీ ఉంటారని నేను నమ్ముతున్నాను.