పాప ఏడుస్తోంది, ఆకలేనా?

మా పాప నోరు తెరిస్తే చాలు, ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఆకలేమో!" నిజానికి ఆకలి సంగతి ఏడుపు కన్నా ముందే తెలుస్తుంది. పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లోకి తీసుకెళ్తుంది, ఎత్తుకున్నవాళ్ల ఛాతీవైపు తల తిప్పి వెతుకుతుంది. గుక్కపట్టాక పాలు పట్టాలంటే ముందు ఊరుకోబెట్టాలి.

నిద్రకి ఏడ్చేది వేరు. కళ్లు నలుపుకుంటుంది, మన మొహం చూడకుండా పక్కకి తిరిగిపోతుంది. అప్పుడు గిలక ఊపితే ఇంకా రెచ్చిపోతుంది. ఈ ముక్క మా ఆయనకి ఇంకా ఎక్కలేదు.

రెండూ కాదనిపిస్తే బట్టలు విప్పి చూస్తాను. డైపర్ ఒరిసి ఎర్రబడిందా, ఏ కుట్టయినా గుచ్చుకుంటోందా అని. కాలివేళ్లు మాత్రం తప్పకుండా చూస్తాను. రాలిన వెంట్రుక వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు.

సాయంత్రం ఏడుపుకి చాలాసార్లు కారణమే దొరకదు. మామూలుగా ఇది 6 వారాల వయసుకి బాగా పెరిగి, 3, 4 నెలలకి తగ్గుతుంది. రోజుకి 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడిస్తే కోలిక్ అంటారు. 1954 నాటి ఈ లెక్క వెసెల్ అనే డాక్టరుది.

3 నెలల లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ తాకితే మాత్రం ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికే. ఇక మనకే ఓపిక నశించి కోపం వస్తుంటే, పాపని తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పక్క గదిలోకి వెళ్లొచ్చు. ఎంత విసుగొచ్చినా కుదపకూడదు, మెదడుకి దెబ్బ తగులుతుంది.