సిమోనిస్ పెళ్లి

రాత్రి పడుకునే ముందు సిమోనిస్ గురించి చదివాను. పొద్దున పాపని స్కూలుకి తయారు చేస్తున్నా మనసంతా అక్కడే ఉంది. దీనికీ ఐదేళ్లే. చెప్పులు ఇంకా కుడిదెడమకి, ఎడమది కుడికి వేసుకుంటుంది. 1299లో సరిగ్గా ఇదే వయసులో ఆ పిల్లని సెర్బియా రాజు మిలుతిన్‌కిచ్చి గ్రీకు నగరం థెస్సలొనీకిలో పెళ్లి చేశారు. అతనికి నలభై అయిదు దాటాయి, అప్పటికే మూడు పెళ్లిళ్లు అయ్యాయి.

సిమోనిస్ బైజాంటైన్ చక్రవర్తి రెండో ఆండ్రోనికోస్ కూతురు. బైజాంటైన్ అంటే కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్, రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం. ఆమెకి ముందు పుట్టిన ఆడపిల్లలు దక్కలేదు. ఈ బిడ్డయినా నిలవాలని యేసు శిష్యులైన పన్నెండు మంది అపొస్తలుల పటాల ముందు పన్నెండు కొవ్వొత్తులు వెలిగించారట. అన్నిటికన్నా చివరిదాకా వెలిగింది సైమన్‌ది, అందుకే ఆ పేరు. అప్పటి చరిత్రకారుడు పకిమెరీస్ రాసిన సంగతి ఇది. పిల్లలు నిలవని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టుకున్నవాళ్లం, ఆ తల్లి భయం మనకి తెలియనిది కాదు.

మరి అలా దక్కించుకున్న పిల్లని ఎలా ఇచ్చారు? మిలుతిన్ దక్షిణానికి చొచ్చుకొస్తున్నాడు. బైజాంటైన్ నగరం స్కోప్యే 1282లోనే అతని చేతికి పోయింది. ముందు చక్రవర్తి చెల్లెలు ఎవదోకియాని ఇద్దామనుకున్నారు. నల్ల సముద్రం ఒడ్డునున్న ట్రెబిజోండ్ రాజుని చేసుకుని, భర్త పోయి పుట్టింట్లో ఉన్న మనిషి. ఆవిడ ససేమిరా అంది. దాంతో వంతు సిమోనిస్‌ది అయింది. మిలుతిన్ అప్పటికే ఆక్రమించుకున్న ఊళ్లనే కట్నం కింద రాసిచ్చారు.

లంచ్ దగ్గర ఈ సంగతి చెప్తే పక్క సీటావిడ, "ఆ రోజులు అలాంటివి కదండీ" అంది. నేను ఒప్పుకోలేకపోయాను. చర్చి చట్టం ప్రకారం ఆడపిల్లకి పన్నెండేళ్లు నిండాలి. చర్చికి పెద్ద అయిన పేట్రియార్క్ పన్నెండో జాన్ ఈ పెళ్లిని గట్టిగా వ్యతిరేకించాడు. తప్పని ఆ రోజుల్లోనే తెలుసు, తెలిసే చేశారు. ఎదిగేదాకా ఆమె జోలికి వెళ్లకూడదన్న మాట మిలుతిన్ నిలబెట్టుకోలేదని, ఆమె ఇక తల్లి కాలేకపోయిందని గ్రెగొరాస్ అనే మరో బైజాంటైన్ చరిత్రకారుడు రాశాడు. ఆ వాక్యం దాటి ముందుకి వెళ్లడానికి నాకు చాలాసేపు పట్టింది.

సెర్బియా రాజులు కట్టించిన మఠాల గోడల మీది బొమ్మల్లో ఆమె రాణి. గ్రచానిత్సా మఠంలో బరువైన కిరీటం, రాళ్లు పొదిగిన దుస్తులు, కళ్లు మాత్రం తర్వాత ఎవరో గీకేశారు. నాకు ఆ బొమ్మ కన్నా 1317 నాటి సంగతే ముఖ్యం. తల్లి చనిపోయిందని పుట్టింటికి వచ్చిన సిమోనిస్ ఇక కాపురానికి వెళ్లనంది. తిరుగు ప్రయాణంలో, సెర్రెస్‌లో, రాత్రికి రాత్రి సన్యాసిని బట్టలు కట్టుకుంది. వెంట వచ్చిన సెర్బులకి కాళ్లూ చేతులూ ఆడలేదు. సవతి అన్న కాన్‌స్టాంటైన్ ఆ బట్టలు లాగేసి, మామూలు దుస్తులు వేయించి, ఏడుస్తున్న చెల్లెల్ని వాళ్లకి అప్పగించాడు.

సాయంత్రం చిక్కుళ్లు ఈనెలు తీస్తూ అమ్మకి చెప్పాను. "పుట్టింటివాళ్లే పట్టిచ్చారా?" అని చెయ్యాపేసింది. తర్వాత ఏమైందే అని అడిగింది. 1321లో మిలుతిన్ పోయాక కాన్‌స్టాంటినోపుల్ వచ్చేసిందని, అనుకున్నట్టే సన్యాసిని అయిందని చెప్పాను.

అప్పటికి ఎన్నేళ్లని అడిగితే లెక్కేశాను. ఇరవై ఏడు.