బైరాగిపట్టెడ టీ అంగడి, ఒక బ్యాలెన్స్ షీట్

ఎస్వీయూలో ఎంబీఏ ఫైనాన్స్ అయినాక ఎనిమిది నెలలు లింక్డ్‌ఇన్‌లో కనిపించిన ప్రతి సీనియర్‌కీ ఒకటే మెసేజ్ పెట్టినా: "సార్, రెఫరల్ ఇవ్వండి." ఎవరూ పలకలేదు. వాళ్ళ తప్పేం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఎవరు పూచీ పడతారు?

తిరుపతి బైరాగిపట్టెడ టీ అంగడి దగ్గర మా వీధి అన్న, బ్యాంకులో లోన్ ఫైళ్ళు చూస్తాడు, ఒకరోజు అడిగినాడు: "కంపెనీ లెక్కల్లో మొదట ఏం చూస్తావబ్బా?" "లాభం" అన్నా నేను. "లాభం సరే, డబ్బు చేతికొచ్చిందా?"

ఆ రాత్రే మన కరకంబాడి అమరరాజా బ్యాటరీల కంపెనీ వార్షిక నివేదిక తెరిచినా. బ్యాలెన్స్ షీట్‌లో (కంపెనీ ఆస్తి, అప్పుల పట్టీ) ఉన్న రావలసిన బాకీలను అమ్మకాలతో భాగించి, 365తో గుణించి, ఎన్ని రోజులకు వసూలవుతున్నాయో లెక్క కట్టి అన్నకు చూపించినా. "బాకీల్లో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు. అందుకే రోజులు కాస్త ఎక్కువ కనిపిస్తాయి" అన్నాడు. ఏ పుస్తకంలోనూ నేను చదవని మాట అది!

ఐదు నెలలుగా ప్రతి ఆదివారం ఒక కంపెనీ, రెండు టీలు. ఉద్యోగం మాట నేనెత్తలేదు. పోయిన వారం అన్నే తన స్నేహితుడికి ఫోన్ చేసి నా గురించి చెప్పినాడు. గురువారం ఇంటర్వ్యూ. ఫలితం ఏదైనా ఆదివారం టీకి పోతా, ఈసారి సిమెంట్ కంపెనీ ఉంది.