కొలను: మెట్టు అతుకు మళ్లీ కారుతోంది

మళ్లీ కారుతోంది! కొలను లోపలి మెట్టూ గోడా కలిసే అతుకులో నింపిన హైడ్రాలిక్ సిమెంటు (లీకులు పూడ్చడానికి వాడే, త్వరగా గట్టిపడే రకం) ఉలి దెబ్బకు కూడా రాలడం లేదు, అంత గట్టిగా ఉంది. నీళ్లు మాత్రం దాని పక్కనుంచి దారి చేసుకున్నాయి. ఈ పాత కాంక్రీటు కొలనును బాగుచేయాలా, పగలగొట్టి కొత్తది కట్టాలా అన్న ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

పంపు గొట్టం చుట్టూ ఉన్న లీకు పూర్తిగా ఆగింది. ఫిల్టరు చక్కగా నడుస్తోంది.

తంటా అంతా ఈ అతుకుతోనే. కొలను పొడవు 3 మీటర్లు, వెడల్పు 2, లోతు 60 సెం.మీ. నిండుగా ఉన్నప్పుడు నీరు 56 సెం.మీ. మెట్టు మీద నీళ్ల బకెట్ పెట్టి రెండింటి మట్టాలూ కొలిచాను. బకెట్‌లో రోజుకు 6 మి.మీ. తగ్గితే కొలనులో 27 తగ్గింది. ఆవిరైంది తీసేస్తే 21 మి.మీ., అంటే రోజుకు 126 లీటర్లు నేలపాలు. మట్టం 38 సెం.మీ.కు దిగాక కొలనూ బకెట్టూ సమానంగా తగ్గాయి. కాబట్టి అంతకంటే కింద లీకు లేదు.

గోడ మీద నిలువుగా ఒక పగులు ఉంది. చూసినవాళ్లంతా దాన్నే అనుమానించారు. అంకెలు అలా చెప్పలేదు. 38 సెం.మీ. గీతకు పైన 18 సెం.మీ. నీరున్నప్పుడు 21 మి.మీ. పోయింది, 9 సెం.మీ. ఉన్నప్పుడు 10 పోయింది, దాదాపు సగం. లీకు రంధ్రమైతే ప్రవాహం నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది, అప్పుడు కూడా 15 దాకా పోవాలి. నిలువు పగులైతే నీరు దిగేకొద్దీ ఒత్తిడితో పాటు మునిగి ఉన్న పగులు పొడవు కూడా తగ్గుతుంది, నష్టం పావువంతుకు పడిపోవాలి. సగం అయిందంటే ఒత్తిడి ఒక్కటే తగ్గిందన్నమాట, అంటే ఒకే ఎత్తులో అడ్డంగా పారిన సన్నని పగులు. మెట్టూ గోడా కలిసేది సరిగ్గా ఆ ఎత్తులోనే. సిరంజితో పాలు వదిలితే తెల్లటి దారం నేరుగా ఆ మూలలోకి లాక్కుపోయింది. ఆ క్షణం ఎంత సంతోషం వేసిందో!

అక్కడ 10 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు గాడి తీసి నింపాను. కొంతకాలం బకెట్‌తో సమానంగా నడిచింది. ఇప్పుడు మళ్లీ ఆవిరి పోను 11 మి.మీ. పాలు ఈసారి గాడి పై అంచు వెంట, కొత్త సిమెంటూ పాత గోడా కలిసేచోట లోపలికి పోతున్నాయి.

నీళ్లు తోడేసి ఫీలర్ గేజ్ (సందు వెడల్పు కొలిచే సన్నని రేకులు) పెట్టి చూశాను. ఉదయం 0.2 మి.మీ. సందు, ఎండ నెత్తికెక్కాక 0.45. అతుకు కదులుతోందన్నమాట. కాంక్రీటు డిగ్రీకి, మీటరుకు సుమారు 0.01 మి.మీ. సాగుతుంది. 3 మీటర్ల గోడ 25 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు మిల్లీమీటరు. నీటిపైన గోడ కాలుతుంది, నీటిలోని మెట్టు చల్లగా ఉంటుంది. రెండింటి మధ్య బిగుసుకుపోయే సిమెంటు ఎంత మంచిదైనా ఎక్కడో ఒకచోట విడిపోక తప్పదు. చెట్టు వేర్ల మీద కూడా అనుమానం ఉండేది. బయట గుంత తవ్వితే 40 సెం.మీ. లోతులో పీచువేర్లు, తడి మట్టి కనిపించాయి. 80 దాటాక అంతా పొడి. ఆ వేర్లు పగులు తెచ్చినవి కావు, నీటికోసం వచ్చినవేనని నా నమ్మకం. గోడ కుంగిందేమోనని మట్టపు బద్ద పెట్టాను, రెండు వైపులా సమానంగానే ఉంది.

కాబట్టి పగలగొట్టడం అనవసరం. లోపలంతా మళ్లీ సిమెంటు పూత వేయడం అంతకంటే అనవసరం. అదీ ఇదే అతుకు దగ్గర చీలుతుంది, పైగా తాజా సిమెంటు సున్నం దిగి నీటి పీహెచ్ పెరిగితే చేపలకు చేటు. పాలీయూరిథేన్ సీలెంట్ సాగుతుంది, అది నాకు ఇష్టమే. కానీ ఎండిన కాంక్రీటు కావాలి, వెనక తడి మట్టి ఉన్న ఈ గోడ ఎప్పుడు ఎండుతుంది?

మిగిలింది పాత తొట్టిలోనే రబ్బరు లైనర్ పరవడం. కాంక్రీటు దాని కదలిక అది కదులుతుంది, నీటిని పట్టేది లైనర్. ఎండకు పెళుసెక్కే చౌకరకం పీవీసీ వద్దు, ఎండకు తట్టుకునే ఈపీడీఎం రబ్బరు కావాలి. ఇంటి పైకప్పులకు వాడే రకం కాకుండా పాండ్‌గార్డ్ (ఇదివరకు ఫైర్‌స్టోన్ పేరుతో వచ్చేది) వంటి చేపల కొలనుకని చేసిన రకమే తీసుకుంటాను. కొలత: పొడవుకు 3, లోతు రెండుసార్లు 1.2, అంచులకు 0.6, మొత్తం 4.8 మీటర్లు. అదే లెక్కన వెడల్పు 3.8. మధ్యలో మెట్టు ఉన్నా కొలత మారదు. భూగర్భజలం పైకుంటే లైనర్ కింద నీరు చేరి ఉబ్బుతుంది, గుంత అడుగు పొడిగా ఉంది కాబట్టి ఇక్కడ ఆ భయం తక్కువ.

ముందు మెట్టు అంచులను గ్రైండర్‌తో గుండ్రంగా చేయాలి, లైనర్ కింద రక్షణగా మందపాటి గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ పరవాలి. చేపల కోసం పాత నీళ్లు కొంత దాచాను. కొత్త నీటిలో క్లోరిన్ తీసేయడానికి సోడియం థయోసల్ఫేట్ సిద్ధంగా ఉంది. తామరను ఈసారి నేరుగా మట్టిలో నాటను, దాని దుంపల మొన లైనర్‌ను పొడుస్తుంది. అంచు ఎత్తుగా ఉన్న గుండ్రటి తొట్టి చూడాలి, మూలలుంటే దుంప అక్కడే ఇరుక్కుంటుంది. కలువలు మెట్టు మీద వద్దు, అడుగున పెడతాను.