పది గెలిచాడు కదా నాన్నా

అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆ ఆట పేరే మా అమ్మకు మింగుడుపడలేదు. "కాలితో తన్నేది ఎప్పుడో ఓసారి గదరా, దీన్ని ఫుట్‌బాల్ అంటారేం?" అనేది. 2024 సెప్టెంబరులో తెనాలి నుంచి వచ్చి, సంక్రాంతికి ఇంట్లో ఉండాలని జనవరి మొదట్లో వెళ్ళిపోయింది. ఆ నాలుగు నెలలూ శనివారం వస్తే మా ఇంట్లో టీవీ దగ్గర మూడు తరాలు కూర్చునేవి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటూ, ఇక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు ఆట చూడనంటే, భీమవరంలో ఉంటూ పండక్కి కోడిపందేల మాటే ఎత్తనన్నట్టు ఉంటుంది. గుడిలో ప్రసాదం క్యూలో కూడా స్కోరే.

ఇక పక్క రాష్ట్రం యూనివర్సిటీ, మా పాత ప్రత్యర్థి మిచిగన్‌తో ఆట ఉన్న వారం సంగతి వేరే చెప్పాలి. యూనివర్సిటీ క్యాంపస్‌లో బోర్డుల మీద 'ఎం' అక్షరం కనపడితే దాని మీద ఎర్ర టేపు అడ్డంగా అంటించేస్తారు. నాకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. మా తోడల్లుడు ఉండేది ఆ మిచిగన్ రాష్ట్రంలోనే, డెట్రాయిట్ పక్కన నోవైలో.

నవంబరు 30, థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం. మనవాళ్ళు దేశంలో రెండో ర్యాంకు, పదకొండు ఆటల్లో పది గెలిచారు. మిచిగన్ ఆరు గెలిచి అయిదు ఓడింది. ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తామని పందేలు. సొంత స్టేడియం, లక్ష మందికి పైగా జనం. 13-10తో ఓడిపోయారు. అంతకు ముందు మూడేళ్ళు మిచిగన్ చేతిలో ఓడారు, ఇది వరసగా నాలుగోది. ఆ రోజు కిక్కర్ జేడెన్ ఫీల్డింగ్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తేవాల్సినవాడు, రెండు కిక్కులు పోగొట్టాడు, రెండూ దగ్గర నుంచే. పేరేమో ఫీల్డింగ్, చేసేది కిక్కింగ్ అని అప్పటిదాకా నవ్వుకునేవాళ్ళం. రెండోది పోయినప్పుడు మా అమ్మ, "ఆ పిల్లాడి తల్లి చూస్తుంటుందేమోరా, పాపం" అంది.

"పాపం ఏంటమ్మా, ముందు వాణ్ణి తీసెయ్యాలి" అన్నాను.

ఆట అయ్యాక మిచిగన్ కుర్రాళ్ళు మైదానం నడిమధ్యలో తమ జెండా పాతబోయారు. తోపులాట మొదలైంది. చివరికి పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. మా తోడల్లుడు ఫోన్లో ఒక్క జెండా బొమ్మ పంపించి ఊరుకున్నాడు. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలిగా. మా కొలంబస్ తెలుగు గ్రూపులో "ఇక ఈ కోచ్‌ని పంపించేయాల్సిందే" అని రాశాను. అప్పటికే అక్కడ అలాంటివి ఓ పాతిక ఉన్నాయి.

మావాడు నా భుజం మీదుగా చదివాడు. పదో క్లాసు. "పది గెలిచాడు కదా నాన్నా" అన్నాడు.

"గెలవాల్సింది గెలవలేదు కదరా."

వాడు ఇంకేం అనలేదు, పైకి వెళ్ళిపోయాడు. అమ్మ నా వైపు ఓ చూపు చూసింది. ఆ మంగళవారమే వాడికి లెక్కల పరీక్షలో సి వచ్చింది. మిగతా సబ్జెక్టులన్నీ ఏ. స్కూల్ యాప్‌లో ఆ ఒక్క అక్షరం చూసిన దగ్గర నుంచి నాలుగు రోజులుగా "తిన్నావా" తప్ప వాడితో నేను మాట్లాడలేదు. మేం కొట్టం, తిట్టం, అదేదో గొప్పనుకుంటాం. మాట్లాడ్డం మానేస్తాం, అంతే.

నేను ఇంటర్ చదివింది విజయవాడలో ఓ రెసిడెన్షియల్ కాలేజీలో. వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల లిస్టు, ర్యాంకు పడిపోతే సెక్షన్ మారిపోవడం. ఆదివారం ఆవకాయ సీసా పట్టుకుని వచ్చిన నాన్న కూడా ముందు ర్యాంకే అడిగేవారు. 'అలా చదివే గదా ఇక్కడిదాకా వచ్చాం' అని మనవాళ్ళు నలుగురు కలిస్తే అనుకుంటాం, నేనూ అన్నాను. నా పక్క మంచం కుర్రాడు సెకండియర్ మధ్యలో ఓ పొద్దున ట్రంకుపెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడని మాలో ఒక్కడూ అడగలేదు. ఈ సంగతి మాత్రం ఎవరి దగ్గరా చెప్పను.

కోచ్ ర్యాన్ డే గురించి నాకు కొంత తెలుసు, తెలిసీ ఆ మెసేజ్ రాశాను. ఆయన చిన్నప్పుడే తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఆ విషయం దాచడు, బయటే మాట్లాడతాడు. భార్యతో కలిసి 2019లో ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఓ నిధి పెట్టాడు. 2022 మార్చిలో ఆయన జట్టులోని హ్యారీ మిల్లర్ అనే కుర్రాడు ఆట మానేస్తూ ఓ ఉత్తరం బయటపెట్టాడు. మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, చదువులోనూ టాపర్. మనం పిల్లలకు చూపించి 'అలా ఉండాలి' అనే రకం. చచ్చిపోవాలనుకుంటున్నానని తాను కోచ్‌తో చెబితే, ఆయన వెంటనే డాక్టర్లతో మాట్లాడించాడని అందులో రాశాడు.

నేను ఆ ఉత్తరం ఆఫీసులో చదివాను. నాకు తట్టిన ప్రశ్న ఒక్కటే. అంత మాట ఆ పిల్లాడు వెళ్ళి చెప్పుకోగలిగాడంటే, అంతకుముందు ఈయన వాడితో ఎలా మాట్లాడి ఉంటాడు? రెండు రోజులు ఆలోచించాను, తర్వాత మర్చిపోయాను.

మిచిగన్ ఆట తర్వాత ఆయన కుటుంబానికి బెదిరింపులు వచ్చాయి. ఇంటి దగ్గర కాపలా పెట్టారని వార్తల్లో చదివాం. అప్పట్లో ఏడాదికి దాదాపు కోటి డాలర్లు తీసుకుంటున్న మనిషి మీద జాలిపడమని నేననను. తీసుకున్నందుకు మాట పడాల్సిందే. పైగా ఆ రోజు ఆయన ఆటా తప్పే. అంతమంది పరిగెత్తి బంతి పట్టేవాళ్ళని పెట్టుకుని, మాటిమాటికీ బంతిని మధ్యలోకే తోయించాడు, అక్కడ గోడలా నిలబడ్డ మిచిగన్ వాళ్ళ మీదకి. కానీ ఆయన పిల్లలతో మాట్లాడ్డం మానలేదు. ఆ వారంలోనే జట్టంతా కూర్చుందనీ, సీనియర్లు కడుపులో ఉన్నదంతా కక్కేశారనీ తర్వాత బయటికొచ్చింది. విన్నాడనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. మూడు వారాల తర్వాత డిసెంబరు 21 రాత్రి, గడ్డకట్టే చలిలో, జాతీయ చాంపియన్‌షిప్ ప్లేఆఫ్‌లో, అంటే ఓడితే ఇంటికే అనే పోటీల్లో, టెనెసీతో ఆట చూశాం. స్టేడియంలో ఎక్కడ చూసినా టెనెసీ వాళ్ళ నారింజ రంగే, మనవాళ్ళు అలిగి టికెట్లు అమ్ముకున్నారు మరి. బంతి దొరికిన దగ్గర నుంచి దూరంగా, పైపైన విసిరించాడు. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0. చివరికి 42-17.

ఈ మధ్యలో మా ఇంట్లో ఓ చిన్న పని జరిగింది. మిచిగన్ ఆట మర్నాడు రాత్రి వాడి గదికి వెళ్ళి, ఆ పరీక్ష పేపరు చూపించమన్నాను. తలుపు దగ్గరే నిలబడి అడిగాను, లోపలికి రమ్మంటాడో లేదోనని. పేపరు తీశాడు. కష్టమైన లెక్కలన్నీ కరెక్టే. మొదటి పేజీలో తేలికైనవి నాలుగు తప్పు. "మొదటిది రాకపోయేసరికి టెన్షన్ వచ్చింది, నువ్వు గుర్తొచ్చావు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, నిష్ఠూరం కూడా లేదు. నాకు ఏం చెప్పాలో తెలియక ఆ నాలుగు లెక్కలూ పక్కన కూర్చుని చేశాను. ఒకటి నేనూ తప్పు చేశాను. వాడు నవ్వాడు. తర్వాతి పరీక్షలో బి ప్లస్ వచ్చింది. ఏ రాలేదు. గ్రూపులో ఆ మెసేజ్ తీసేద్దామని చూస్తే, తీసే గడువు దాటిపోయింది.

అక్కడి నుంచి ఆటలు పరుగెత్తాయి. అక్టోబరులో మమ్మల్ని ఒక్క పాయింటుతో ఓడించిన ఒరెగాన్‌ను జనవరి 1న 41-21తో కొట్టారు. అది చూసే మా అమ్మ విమానం ఎక్కింది. పదో తేదీన టెక్సాస్. మిచిగన్ జెండా లాక్కున్న జాక్ సాయర్, మన పక్క ఊరు పికరింగ్టన్ పిల్లాడే, చివరి నిమిషాల్లో బంతి ఊడగొట్టి 83 గజాలు పరిగెత్తాడు. నేను సోఫా ఎక్కి నిలబడ్డాను, మా ఆవిడ దిగమంది.

జనవరి 20, అట్లాంటాలో జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్. ఎదుట నోటర్ డామ్. వాళ్ళ కోచ్ మార్కస్ ఫ్రీమన్ తల్లిది కొరియా, తనేమో ఒకప్పుడు ఒహాయో స్టేట్‌కే ఆడాడు. సీజన్ మొదట్లో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో సొంతగడ్డ మీద ఓడి నవ్వులపాలైన జట్టును ఇక్కడిదాకా తెచ్చాడు. వాళ్ళమ్మ సంగతి తెలిశాక మావాడికి ఆయనంటే ఇష్టం. ఎవరు గెలిచినా ఫరవాలేదన్నాడు, నేను ఒప్పుకోలేదు.

మనవాళ్ళ ఆధిక్యం 31-7 ఉన్నది 31-23కి వచ్చింది. నాకు చెమటలు. అప్పుడు జెరెమయా స్మిత్, మొదటి ఏడాది కుర్రాడు, 56 గజాల బంతి పట్టాడు. అర నిమిషం కూడా లేదు. కిక్ పడితే అయిపోయినట్టే. తప్పితే వాళ్ళకు సమం చేసే ఆశ ఇంకా ఉంటుంది. మైదానంలోకి నడిచి వచ్చింది ఫీల్డింగే.

"వీణ్ణా పంపేది!" నా నోట్లోంచి వచ్చేసింది.

"ఇంకెవర్ని పంపుతారు నాన్నా, కిక్కర్ అతనే కదా" అన్నాడు మావాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

33 గజాలు. పడింది. 34-23.

వాడు ముందు చేసిన పని నానమ్మకి వీడియో కాల్. తెనాలిలో అప్పటికి పొద్దున తొమ్మిది దాటింది, అమ్మ చేతిలో గోంగూర కట్ట. "నానమ్మా, ఆ రోజు రెండు తప్పాడే, ఆ అన్నే కొట్టాడు, గెలిచాం!" అని అరిచాడు. అమ్మకు స్కోరు పట్టలేదు.

"వాళ్ళమ్మ వచ్చిందా అక్కడికి?" అని అడిగింది.